మూడిండ్ల తుపాకీ

తమ్ముణ్ణి చంపిన తుపాకీ తన బల్ల మీదికే వస్తుందని ప్రభాత అనుకోలేదు. అది తెల్ల గుడ్డసంచిలో, లక్క ముద్రలతో, పంచనామా కాగితంతో వచ్చింది. సంచి మీద నీలం సిరాతో రెండువందల పదకొండు అని రాసి ఉంది. ఆ నంబరు తుపాకీకి తాళం బిగించింది ఆమె చేతులే.

"మీరు కాదంటే నేను బలవంతపెట్టనమ్మా," అన్నారు ప్రయోగశాల డైరెక్టర్ పురుషోత్తంగారు, గుమ్మంలోనే నిలబడి. "చనిపోయింది మీ తమ్ముడేనని కోర్టువారికి రాశాను. అయినా మీరే చూడాలన్నారు. ఈ తాళం విప్పి చదవగలిగినవాళ్లు రాష్ట్రంలో ఇంకెవరున్నారు చెప్పండి?"

"చూస్తాను సార్," అంది ప్రభాత.

ముద్రలు తెంచి తుపాకీని బయటికి తీసింది. పొట్టి గొట్టం, నల్లని పిడి. పిడి చుట్టూ ఉల్లిపొరలాంటి పలక ఒకటి అతికించి ఉంది. పట్టుకున్న చేతి వేడిని, చెమటను, నాడిని, వేలి వణుకును ఆ పొర చదువుతుంది. కోపం వచ్చినవాడి చెయ్యి వేడెక్కుతుంది, పట్టు బిగుస్తుంది. భయపడ్డవాడి చెయ్యి చల్లబడుతుంది, తడుస్తుంది, వణుకుతుంది. కోపమైతే పిడి పక్కన ఎర్రచుక్క వెలిగి తాళం పడుతుంది, ఎంత నొక్కినా ట్రిగ్గరు కదలదు. భయమైతే పచ్చచుక్క వెలుగుతుంది, తాళం తెరుచుకుంటుంది. ప్రాణం కాపాడుకోవడానికి తప్ప మరిదేనికీ పేలని తుపాకీ అని పత్రికలు రాశాయి. ఆమెకది ఏడేళ్ల పని.

తీగ తగిలించి, తాళం దాచుకున్న గీతను తెర మీదికి తెచ్చింది. పోయిన నెల పద్దెనిమిదో తారీకు, పొద్దున ఆరుగంటల ఏడు నిమిషాలు. మొత్తం తొమ్మిది సెకన్లు. చెయ్యి చల్లగా ఉంది. నాడి నూట నలభై ఆరు. గీత మొదటినుంచి చివరిదాకా ఎక్కడా కోపం లేదు. ఇంత స్వచ్ఛమైన భయాన్ని ఏడేళ్లలో ఏ పరీక్షలోనూ ఆమె చూడలేదు. పచ్చచుక్క వెలగవలసిన చోటే వెలిగింది.

మళ్లీ చదివింది. పలక తీసి వేరే తీగతో మరోసారి చదివింది. తన పనిలో తప్పు దొరకాలని ఆమె అంతగా కోరుకున్న రోజు మరొకటి లేదు. దొరకలేదు.

ఆ తాళానికి విత్తనం ఆమె తండ్రి రాసిన ఒక వాక్యం.

రాపోలు వీరేశం మానేరుపేటలో తెలుగు పంతులుగా పనిచేసి విరమించాడు. నేతపని ఇంట్లో పుట్టినవాడు, ఎర్రజెండా సభల్లో పెరిగినవాడు. నలభై ఏళ్ల కిందట 'నెగడు' అనే చిన్న పత్రికలో 'చెయ్యి ఎవరిది?' అని ఒక వ్యాసం రాశాడు. ఇనుముకు వర్గం లేదన్నాడు. తుపాకీని చూసి బెదరకండి, దాన్ని పట్టిన చేతిని చూడండన్నాడు. దోచుకునే చేతిలో అది దోపిడీ, కాచుకునే చేతిలో అదే కాపలా. ఆ చివరి మాట గోడలకెక్కింది.

దానిమీద ఏడాదిపాటు వాదం నడిచింది. ఆయన స్నేహితుడు గుండేటి రాజలింగమే మొదట ఎదురు రాశాడు. తుపాకీ ఒక మనిషి సొంతమైతే అది పొలంలాగా, బంగారంలాగా ఆస్తి అవుతుంది, ఆస్తి ఉన్నవాడు ఆస్తి ఉన్నవాడిలాగే ఆలోచిస్తాడు, అది పదిమంది కట్టుబాటులో ఉండాలి అన్నాడు. బీడీలు చుట్టే ఒక ఆడమనిషి పోస్టుకార్డు రాసింది: "ఇంట్ల తుపాకి పెట్టుకున్నంక అది ముందుగాల ఎవలి దిక్కు మర్లుతదో మీ మొగోళ్లకు తెల్వది." వీరేశం రాజలింగానికి నాలుగు పేజీల జవాబు రాశాడు. పోస్టుకార్డుకు రాయలేదు.

ప్రభాత ఊహ తెలిసినప్పటినుంచి తండ్రి వాక్యాన్ని ఎక్కంలా వల్లెవేసింది. పెద్దయ్యాక దాన్ని యంత్రం చేసింది. కాచుకునే చేతిని గుర్తుపట్టే తాళం.

మానేరులో ఇసుక దొంగలు ఇద్దరు కాపలావాళ్లను లారీతో తొక్కించిన ఏడాది, ఏటి ఒడ్డు ఊళ్లకు ప్రభుత్వం రక్షణదళాలు పెట్టి ఈ తుపాకులు పంచింది. వీరేశం పాత మిత్రులు మళ్లీ రెండుగా చీలారు. సర్కారు ఇచ్చిన తుపాకీ సర్కారు చెప్పిన దిక్కే చూస్తుందన్నారు కొందరు. పేదవాడి ఏటిని పేదవాడే కాచుకుంటుంటే మీకెందుకు నొప్పి అన్నారు మరికొందరు. వీరేశం రెండోవాళ్ల వైపు నిలబడ్డాడు. బిడ్డ చేసిన తాళం ఉందన్న ధీమా.

ఆయన కొడుకు భాను నిలబడలేదు. ఏటి అవతల పెద్దొర్రెలో బడిపంతులు అతను. ప్రభాత సెలవుకు వచ్చిన ఒక ఆదివారం పొద్దున, సర్వపిండి తింటూ తండ్రిని పట్టుకున్నాడు.

"బాపూ, నీ వ్యాసాన్ని ఆఫీసోళ్లు కరపత్రం ఏసి ఊరూర పంచుతున్నరు. కింద నీ పేరు సుత ఉన్నది. సిగ్గైతలేదా?"

"ఎందుకురా సిగ్గు? నలభై ఏండ్లకు నా మాట ఇన్నరు."

"నీ మాట ఇన్లే. నీ మాటల వాళ్లకు పనికొచ్చే సగం ఇన్నరు."

"రెండో సగం ఏందో నువ్వు చెప్పు మరి, పంతులు."

"నా చిన్నప్పుడు మూడిండ్ల ముచ్చట చెప్తుంటివి గద. గది వ్యాసంల ఏదీ?"

వీరేశం నవ్వి చెయ్యి ఊపాడు. "అది ముచ్చటరా. వ్యాసం వేరు, ముచ్చట వేరు."

హాస్టళ్లలో పెరిగిన ప్రభాతకు ఆ ముచ్చట తెలియదు. అడగలేదు కూడా. ఇద్దరి మధ్యకు పళ్లెం జరిపింది.

"అక్కా, నీ మిషన్ నా చెయ్యి చూస్తే ఏ చుక్క ఎలుగుతదే?" అన్నాడు భాను.

"నీ చెయ్యి చూస్తే దానికి నిద్రొస్తదిరా."

భాను పగలబడి నవ్వాడు. అతని నవ్వు ఆమె వినడం అదే ఆఖరు.

పెద్దొర్రె బడిలో సైన్సు ప్రదర్శన పెట్టుకున్నారు. పిల్లలు కాగితం గుజ్జుతో చేసిన సూర్యుణ్ణి, గ్రహాలను రంగులు వేయడానికని భాను ఇంటికి తెచ్చుకున్నాడు. పద్దెనిమిదో తారీకు తెల్లవారుతుండగానే వాటిని మూటగట్టి భుజాన వేసుకుని, వంతెన చుట్టు తిరగడమెందుకని ఏట్లో ఇసుకకు అడ్డంపడి నడిచాడు. చలికి కోతిటోపీ పెట్టుకున్నాడు. మంచు నేలను అంటుకుని ఉంది.

అవతలి ఒడ్డున గంగారాం కాపలా ఉన్నాడు. ఇద్దరుండాలని నియమం. రెండోవాడు పెళ్లికి పోయాడు. కాపలావాళ్లను ఒక్కొక్కరినే ఏట్లో పాతేస్తామని రెండు రోజులుగా గంగారాం ఫోనుకు బెదిరింపులు వస్తున్నాయి. అతను పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం ప్రభాత బల్ల మీద ఉంది.

"'ఎవలది?' అన్న సార్. 'నేనే' అన్నడు. అందరు 'నేనే' అంటరు గద సార్. మా ఇంటిది సుత తలుపు కొట్టి 'నేనే' అంటది. మంచుల మొఖం కానరాలె. బుజం మీద మూట ఉన్నది. నా చెయ్యి వణికింది. పచ్చగ ఎలిగింది. పచ్చగ ఎలిగితె కొట్టొచ్చని ట్రైనింగుల చెప్పిన్రు సార్."

గంగారాం బిడ్డ అక్షిత భాను దగ్గరే నాలుగో తరగతి చదువుతోంది. మూటలోని శనిగ్రహం ఆ పిల్ల చేసిందే.

పురుషోత్తంగారు మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. ఈసారి లోపలికొచ్చి కూర్చున్నారు.

"గీత చూశానమ్మా. మనలో మాట, పిడి మీది సెన్సర్ లోపం అని రాసేయండి. నిబంధన మీకు తెలియనిది కాదు. తాళం సరిగ్గా తెరుచుకుంటే ఆత్మరక్షణ కిందే జమ. అతను హాయిగా ఇంటికెళ్లిపోతాడు. తాళం చెడిందన్నారనుకోండి, కేసు నిలబడుతుంది. మీ తమ్ముడికి న్యాయం జరుగుతుంది. మనం రెండో రకం తాళం చేసి ఇస్తాం."

"రెండో రకంలో ఏం మారుస్తాం సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏదో ఒకటి మారుద్దాం."

"ఎన్ని ఊళ్లకు పోతుంది అది?"

"వెయ్యి పైనే."

ఆయన వెళ్లాక ప్రభాత ఖాళీ తుపాకీని చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని గంగారాంను తలుచుకుంది. అతని వేలిని, మంచులో కూలిన మూటను, ఇసుకలో దొర్లిన రంగు గోళాలను తలుచుకుంది. అరచెయ్యి వేడెక్కింది. కళ్లు తెరిచి చూస్తే ఎర్రచుక్క. తాళం గట్టిగా పడి ఉంది. తను అనుకున్నట్టే.

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. తెర మీద స్రవంతి పేరు. భాను భార్య. ఏమడుగుతుందో ప్రభాతకు తెలుసు. ఏం చెప్పాలో తెలియదు. వేళ్లు మంచుముద్దలయ్యాయి. చూస్తుండగానే ఎర్రచుక్క ఆరి, పచ్చచుక్క వెలిగింది. సన్నని చప్పుడుతో తాళం తెరుచుకుంది.

ప్రయోగశాలలో అందరికీ చాయ్ ఇచ్చే యాదమ్మ, గ్లాసుతో తలుపు తోసుకుని లోపలికొచ్చింది. గొట్టం సూటిగా ఆమె వైపే ఉంది.

"అవ్వో! ఏందమ్మా, నన్నే కాల్చేటట్టున్నవు? చక్కెర తక్కువైందని నిన్న ఒక్క మాట అంటివి, గంత కోపమా?"

"కోపం కాదు యాదమ్మా," అంది ప్రభాత, తుపాకీని మెల్లగా కింద పెట్టి. తన భయం స్రవంతి గురించి. గొట్టం ముందు నిలబడింది యాదమ్మ. యంత్రానికి రెండూ ఒకటే.

ఫోను మళ్లీ మోగింది. ఎత్తింది.

"వదినె, రాసినవా?"

"ఇంకా లేదు స్రవంతీ."

"చెడిపోయిందని ఒక్క మాట రాస్తే సరిపోతదట గద. లాయరు చెప్పిండు. నేను ఎక్కువేం అడుగుతలేను వదినె. నీ తమ్ముడే గద."

ప్రభాత జవాబు చెప్పేలోగా అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

ఆదివారం మానేరుపేట వెళ్లింది. సంస్మరణ సభకు తెచ్చిన కుర్చీలు వాకిట్లో ఇంకా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కర్మలూ పిండాలూ ఆ ఇంట్లో లేవు కాబట్టి, సభ అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక ఇల్లు అలాగే ఆగిపోయింది. పక్కింటివాళ్లు పంపిన గిన్నె మూత తీయకుండానే ఉంది. వీరేశం మగ్గం లేని మగ్గంగుంట అంచున కాళ్లు వేలాడదీసుకుని కూర్చున్నాడు.

ప్రభాత పక్కన కూర్చుని, గీత గురించి చెప్పింది. పురుషోత్తంగారి మాట, స్రవంతి మాట చెప్పింది. ఎర్రచుక్క, పచ్చచుక్క, యాదమ్మ కూడా చెప్పింది.

"మూడిండ్ల ముచ్చట చెప్పు బాపూ," అంది చివరికి.

ఆయన గుంటలోకి చూస్తూ చెప్పాడు.

"ఎర్రజెండ కింద మేం ఉన్నది ఎనిమిది మందిమి. తుపాకి ఒక్కటే. నాటుది, భర్మార్. గొట్టం నాలుగు జానల నాలుగు వేళ్లు. అది వడ్ల బక్కయ్య ఇంట్ల అటక మీద ఉండేది. మందు కుమ్మరి పోశవ్వ ఇంట్ల, ఉప్పుకుండ పక్కన. సీసం గుండ్లు మనింట్ల, ఇగో, ఈ గుంటల. మూడిండ్లు ఒప్పితేనే అది పేలాలె. రాజలింగం పెట్టిన కట్టుబాటది.

"ఒకదినం ఒకాయన మా పేర్లు పోలీసులకు చెప్పిండని తెల్సింది. మాపటికి బండి మీద మా ఊరి బాటనే వస్తున్నడట. నేను గుండ్లు పట్కొని ఉరికిన. బక్కయ్య తుపాకి దించిండు. పోశవ్వ దగ్గరికి పోయి మందియ్యుమన్నం. ముసల్ది మమ్ముల కింది నుంచి మీది దాక చూసింది. 'భయపడ్డరార?' అన్నది. 'భయమేందవ్వా, కోపం' అన్నం. 'కోపమైతే చేతులెందుకు వణుకుతున్నయి? కూసోండ్రి. బువ్వ తినుండ్రి. తిన్నంక ఇస్త' అన్నది. అప్పటికి పొయ్యే ముట్టియ్యలే. ఎసరు పెట్టి, బియ్యం కడిగి... అన్నం ఉడికేదాక కూసున్నం. తిన్నం. చేతులు కడుక్కుంటుంటే ఆయన బండి పోశవ్వ వాకిట్ల నుంచే పోయింది. బండ్ల ఆయన బిడ్డ పండుకొని ఉన్నది, జరంతోని. దవాఖానకు తీస్కపోతున్నడు. పేర్లు చెప్పింది ఆయన గాదని నెల తర్వాత తెల్సింది."

"మరి ఇది ఎందుకు రాయలే బాపూ?"

"సిగ్గయింది," అన్నాడాయన. "తుపాకి పట్టినోళ్లు ముసల్దాని ఇంట్ల బువ్వకోసం కూసున్నరని ఎట్ల రాస్త? రాస్తే రాజలింగం గెలుస్తడు. అందుకే చెయ్యి గురించి రాసి, పోశవ్వను ఇడిచిపెట్టిన. భానుగాడు అడిగిండు గద, రెండో సగం ఏదని. వానికి ఎరికే. నాకూ ఎరికే."

ప్రభాత తండ్రి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తడిగా ఉంది. వణుకుతోంది.

"నేను నీ సగానికే మిషన్ చేసిన బాపూ," అంది.

ఆమె నివేదిక అర పేజీ దాటలేదు. 'తాళం సరిగ్గా పనిచేసింది. నేను చేసినట్టే పనిచేసింది. అది భయాన్ని కొలుస్తుంది. ఎవరిని చూసి భయమో, ఆ భయం న్యాయమైనదో కాదో కొలిచే చోటు అందులో లేదు. ఏ తాళంలోనూ పెట్టలేము. పెట్టగలమని ఏడేళ్లు నమ్మాను. ఒంటరిగా ఉన్న మనిషి చేతికి ఈ తుపాకీ ఇవ్వకూడదు. తాళం మార్చి కూడా ఇవ్వకూడదు.' కింద సంతకం చేసింది. దానితోపాటే రాజీనామా కాగితం పెట్టింది.

కోర్టులో రక్షణదళాల పథకం తరఫు వకీలు ఆమెను ఎక్కువ కష్టపెట్టలేదు.

"అంటే నిందితుడు ఆత్మరక్షణ కోసమే కాల్చాడని మీరు ఒప్పుకుంటున్నట్టేనా?"

"అతను భయపడ్డాడని ఒప్పుకుంటున్నాను."

"నిబంధన ప్రకారం రెండూ ఒకటే కదమ్మా?"

"నిబంధన ప్రకారం ఒకటే. ఆ నిబంధనకు ఆధారం ఇచ్చింది నేనే. నేను పొరబడ్డాను."

గంగారాం విడుదలయ్యాడు. వరండాలో స్రవంతి ఎదురుపడితే దండం పెట్టబోయాడు గాని, చేతులు ఛాతీ దాకా లేవలేదు. స్రవంతి అతణ్ణి చూడలేదు. ప్రభాతను కూడా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

పద్దెనిమిది ఊళ్ల తుపాకులు వెనక్కి తీసుకున్నారు. మిగతావి పరిశీలనలో ఉన్నాయన్నారు. పత్రికల్లో వీరేశం పాత మిత్రులు మళ్లీ రాసుకున్నారు. రాజలింగం బతికుంటే సంతోషించేవాడని ఒకరు. పేదవాడి చేతిలోది లాక్కుని దొంగల చేతిలోది వదిలేశారని ఇంకొకరు. రెండో మాటలో నిజం లేదని ప్రభాత అనుకోలేకపోయింది. ఇసుక లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం స్రవంతి మానేరుపేట ఇంటికి వచ్చింది. భుజానికి సంచి కూడా తీయకుండా గడపలోనే నిలబడింది.

"ఒక్క మాట అడిగిన వదినె నిన్ను. ఒక్కటంటే ఒక్కటి. నిజం రాసి పెద్దదానివైనవు. మరి నేనేం గావాలె?"

ప్రభాత ఆమె సంచి అందుకోబోయింది. స్రవంతి ఇవ్వలేదు.

వీరేశం లేచాడు. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. డెబ్భై ఆరేళ్లలో ఆయన పొయ్యి ముందు నిలబడ్డది ఎవరూ చూడలేదు. గిన్నెలు చప్పుడయ్యాయి. డబ్బా మూత ఏదో కింద పడి దొర్లింది. బియ్యం కడిగిన నీళ్లు ఆయన పంచె మీద పడ్డాయి.

"మామా, ఏం చేస్తున్నవు?" అంది స్రవంతి.

"ఎసరు పెడుతున్న బిడ్డా. కూసో. బువ్వ తిను. తిన్నంక తిట్టు. ఇద్దర్నీ తిట్టు."

స్రవంతి గడపలోనే చాలాసేపు నిలబడింది. గిన్నె మూత ఎగిరెగిరి పడుతుంటే, సంచి దించి, లోపలికి వచ్చి గోడవారన కూర్చుంది. అన్నం మెత్తబడిపోయింది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. నాలుగో ముద్ద దగ్గర స్రవంతి చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఆమె ఏడ్చింది. భాను పోయినరోజు నుంచి ఆమె ఏడవలేదని ప్రభాతకు అప్పుడే తట్టింది.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గా పోశవ్వ ముచ్చట ఆయన బడి పిల్లలకు చెప్తుండె మామా. ఏటేటా చెప్తుండె. పిల్లలు 'ఏం కూర సార్' అని అడిగేటోళ్లట. 'తెల్వదు, మా బాపును అడిగి చెప్త' అనేటోడట. అడగాలె అడగాలె అనుకుంటనే..." ఆమె ఆగింది. "ఏం కూర మామా?"

వీరేశం కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. నలభై ఏళ్ల వెనక పొగచూరిన ఆ ఇంట్లో, ఆ పళ్లెం మీదికి వంగి వెతుకుతున్నట్టుంది ఆయన ముఖం.

"యాదికి లేదు బిడ్డా," అన్నాడు. "తుపాకి పొడుగైతే యాదికున్నది."

కొలత చూపించడానికి రెండు చేతులూ లేచాయి. సగంలో ఆగాయి. ఆ చేతులతోనే గిన్నె దగ్గరికి లాక్కుని, ఆమె పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టాడు.